ఆరో గది చూరు

మా మామగారు ఆ వేసవిలో పోయారు. పోతూ పోతూ మాకు ఎనిమిది గదుల చెక్క ఇల్లు వదిలిపోయారు. నవంబరు మొదటి వారంలో ఆ ఇంటి గురించి ఒక ఉత్తరం వచ్చింది.

మా ఒతారు ఊళ్ళో కొండ ఎక్కేటప్పుడు మూడో మలుపులో, ఓడరేవుకు వీపు పెట్టి నిలబడ్డ రెండంతస్తుల ఇల్లు మాది. కట్టి యాభై రెండేళ్ళు. ఇంత పాత చెక్క కట్టడానికి, అందులోనూ అద్దెకిచ్చిన దానికి, నిప్పు నష్టానికీ మంచు నష్టానికీ ఇస్తున్న బీమాను మార్చి తర్వాత కొనసాగించడం కష్టమని, ఫిబ్రవరిలో తమ పరిశీలకుడు వచ్చి చూసి సరేనంటే ఆలోచిస్తామని కంపెనీవాళ్ళు రాశారు. కష్టమన్నారంటే మా వైపు కుదరదనే అర్థం.

మా ఆయన కోహెయి ఫెర్రీ రేవులో పని చేస్తాడు. మాట తక్కువ మనిషి. ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి పక్కన పెట్టి, అన్నం తినడం మొదలుపెట్టాడు. గిన్నె ఖాళీ అయ్యాక అన్నాడు.

"బీమా లేకపోతే మంచు కరగ్గానే పడగొట్టించేద్దాం."

"మరి లోపలున్న వాళ్ళు?"

"వాళ్ళ కోసమే చెప్తున్నా. ఈ అగ్గిపెట్టెలో ఏడు గదుల మనుషుల్ని పెట్టుకుని నాకు నిద్ర పట్టదు, ఫుమియే."

ఆ మాట అనడానికి ఆయనకు కారణముంది. అక్టోబరులో పై వీధిలో మా ఇంటి ఈడుదే ఒక అద్దె ఇల్లు కాలిపోయింది. దాని యజమాని మా ఆయనతో కలిసి చదువుకున్నవాడు. బీమా కట్టడం మానేసి రెండేళ్ళయిందట. మనుషులు బతికి బయటపడ్డారు గానీ, ఆ యజమాని మాత్రం ఎదురుపడితే తల తిప్పుకుని పోయే మనిషైపోయాడు.

కానీ పడగొడితే మావాళ్ళు ఎక్కడికి పోతారు? ఒకటో నంబరులో మేముంటాం. మిగతా ఏడు గదుల్లోనూ అరవై దాటినవాళ్ళే, ఒంటరివాళ్ళే. ఒంటరి ముసలివాళ్ళకు గది ఇచ్చే పుణ్యాత్ముల్ని మా ఊళ్ళో దివిటీ పెట్టి వెతకాలి. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

మర్నాడు తెరుయిగారు వచ్చింది. పొగాకు దుకాణం వెనక చిన్న గదిలో బీమా ఏజెంటుగా కూర్చుంటుంది. అరవై ఎనిమిదేళ్ళు, పిడికెడంత మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో వెదురు కర్ర. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మా ఇంటికి బీమా రాస్తున్నది ఆవిడే. వచ్చిందంటే ముందు ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరుగుతుంది. గోడ తడుతుంది, చూరు చూస్తుంది, పొగగొట్టాల కింద ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ఆ తర్వాతే గుమ్మం ఎక్కుతుంది. టీ, దాంతోపాటు ముల్లంగీ హెర్రింగ్ చేపా కలిపి పెట్టిన ఊరగాయ ముందుంటే తప్ప నోరు విప్పదు.

"ఇల్లు పాతదైతే ఏమైందమ్మాయ్? నేనూ పాతదాన్నే. నాకూ లేచి కూర్చుంటే కీళ్ళు కిర్రుమంటాయి. కూలిపోయానా?" అంది ఉత్తరం పక్కకు తోసేసి.

"మరి కంపెనీవాళ్ళు..."

"వాళ్ళకి ఇదొక అంకె. వాళ్ళ మనిషి వచ్చేది ఫిబ్రవరి పన్నెండున. ఆ లోపల అగ్గి రాకూడదు, నీళ్ళ గొట్టం పగలకూడదు, కప్పు కుంగకూడదు. ఈ మూడూ జరక్కుండా అంతదాకా లాక్కురా. ఆ తర్వాత నేను చూసుకుంటా."

నాకు ఏ పనైనా అప్పజెబితే కాస్త అతి చేసే గుణముంది. ఆ సాయంత్రమే ఒక అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో ప్రకటన రాసి, చెప్పులు విడిచే చోట తగిలించాను. "ఏ ఒక్క గదిలో నిప్పంటుకున్నా అందరం ఇల్లు పోగొట్టుకుంటాం. పొయ్యి దగ్గర జాగ్రత్త. వయసు మీద పడి చెయ్యి వణికేవాళ్ళు మరీ మరీ జాగ్రత్త."

ముందుగా చదివింది రెండో నంబరు వకుయిగారు. చేప వడల దుకాణంలో పని చేసే విధవరాలు. ఆవిడ నోటికి ఊరంతా భయపడుతుంది.

"ఆ చివరి ముక్క ఎవరి కోసమమ్మా? ఇక్కడ పడుచువాళ్ళెవరన్నా ఉన్నారా వేరే?"

"అందరి కోసమూనండీ."

"అందరి కోసమైతే అందరూ అని రాస్తే సరిపోయేదిగా. పోనీలే, నా చెయ్యి వణకదు. వణికితే ఈపాటికి వేళ్ళు వడల్లో కలిసిపోయేవి."

ఆమె వెనకే ఆరో నంబరు ఒదాజిమాగారు నిలబడి చదివారు. డెబ్భై ఆరేళ్ళు. ఆవిరి రైళ్ళున్నన్నాళ్ళూ ఇంజనులో బొగ్గు వేసిన మనిషి. ఆయన ఆ అట్టను పైనుంచి కింద దాకా మూడుసార్లు చదివారు. తర్వాత నాకు వంగి నమస్కారం చేసి, "బాగా రాశారమ్మా" అని మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను పొంగిపోయాను.

డిసెంబరు పదో తారీకుకల్లా మంచు కిటికీల దాకా పేరుకుంది. ఆ చలికాలంలో మా ఇంటివాళ్ళు పడ్డ పాటు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది. తెల్లారకముందే దారిలో మంచు తవ్విన చప్పుడు వినపడేది. వెళ్ళి చూస్తే ఒదాజిమాగారు అప్పటికే వీధి దాకా దారి చేసేసి, పార మీద చేతులు ఆనించి నిలబడి ఉండేవారు. పడుకునే ముందు ప్రతి గదిలోనూ మీట తిప్పి గొట్టాల్లో నీళ్ళన్నీ దింపేయాలి, లేకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి గొట్టం పగులుతుంది. ఆ పని ఒక్క గదిలో ఒక్క రోజు కూడా తప్పలేదు. ఏడు మీటలూ టక్ టక్ మని వరసగా పడే చప్పుడు కింద మా గదిలోకి వినిపించేది. ఏడోది వినపడ్డాక నేను మా మీట తిప్పి దుప్పటి కప్పుకునేదాన్ని.

శనివారాల్లో కిరోసిన్ బండి పాట పెట్టుకుని కొండెక్కి వచ్చేది. అందరూ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు. ఒదాజిమాగారూ నిలబడేవారు.

"మా పై గది ముసలాయన దేవుడమ్మా," అంది వకుయిగారు ఒకరోజు. "ప్రతి వారం కొన్నది ఎక్కువైపోయిందని నా డబ్బాలో వంచేస్తాడు. ఆ పాత రైలు మనిషికి ఒంట్లోనే బొగ్గు మండుతుందేమో, మరి నూనె ఎందుకు ఖర్చవుతుంది?"

నేనూ నవ్వేశాను. ఆయన పొద్దున పూట గ్రంథాలయానికీ, మధ్యాహ్నం ఊళ్ళోని వేడినీళ్ళ స్నానశాలకూ వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. ఆ వయసులో ఇంత చలిలో ఇంత తిరుగుడు ఎంత ఆరోగ్యమో అనుకునేదాన్ని. చూరు నుంచి వేలాడే మంచుకడ్డీలను రోజూ కర్రతో కొట్టి రాలగొట్టడం నా పని, లేకపోతే అవి విరిగి కిటికీల మీద పడతాయి. ఆరో గది మీద మాత్రం ఆ బెడద ఉండేది కాదు. ఆ ఒక్క చోటా చూరు నున్నగా ఉండేది. ఒక చోట పని తప్పింది కదా అని సంతోషించేదాన్ని.

జనవరి ఆఖరి సోమవారం మధ్యాహ్నం తెరుయిగారు వచ్చి వీధిలోనే ఆగిపోయింది. తల పైకెత్తి చూస్తోంది.

"లోపలికి రండి. టీ చల్లారిపోతుంది," అన్నాను.

"ఆరో గది చూరుకి కడ్డీలు లేవేంటి?"

"ఎప్పుడూ లేవండి అక్కడ. అదృష్టం."

ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"లోపల వెచ్చగా ఉంటేనే కదమ్మాయ్, కప్పు మీద మంచు అడుగున కరిగి చూరుకొచ్చి గడ్డకట్టేది. ఎన్నాళ్ళుగా లేవు?"

నేను లెక్క వేసుకునేలోపే లోపలి నుంచి వకుయిగారి కేక వినపడింది.

"ఏమ్మా! నా నెత్తి మీద వాన పడుతోంది!"

తెరుయిగారు బూట్లతోనే మెట్లెక్కింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ బూట్లు విప్పకుండా మా ఇంట్లో అడుగు పెట్టింది ఆ ఒక్కసారే. ఆరో గది తలుపు తెరిచేసరికి లోపల నుంచి వచ్చిన చలి బయటి చలికంటే ఏమీ తక్కువ లేదు. స్నానశాలకు ఆ రోజు సెలవు, అందుకే ఒదాజిమాగారు ఇంట్లో ఉన్నారు. ఒంటి మీద పాత రైల్వే కోటు, తలకు ఉన్ని టోపీ, చేతులకు రెండు జతల తొడుగులు. పగిలిన గొట్టాన్ని తువ్వాలుతో రెండు చేతులా అదిమి పట్టుకుని ఉన్నారు. గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి. గది మధ్యలో కిరోసిన్ పొయ్యి ఉంది. దాని మీద ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పి ఉంది.

రాత్రిళ్ళు ఆయన నీళ్ళు దింపుతూనే ఉన్నారు. కానీ నిప్పులేని గదిలో గొట్టం పట్టపగలే గడ్డకట్టింది.

తెరుయిగారు పరుగెత్తి మీట తిప్పింది. నీళ్ళు ఆగాయి. ఒదాజిమాగారు తువ్వాలు వదిలి, తడి చాప మీద మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించారు.

"క్షమించండమ్మా. నా చెయ్యి రెండేళ్ళుగా వణుకుతోంది. అగ్గిపుల్ల జారితే ఇంతమంది నీడ పోతుంది. ఆ అట్ట చదివాక, నా ఒక్కడి కోసం ఎందుకని..."

"నవంబరు నుంచీనా?" అంది తెరుయిగారు. "మైనస్ పన్నెండులో? నిప్పుకి భయపడి చలికి ఇల్లప్పజెప్తారా ఎవరన్నా? మీరు చచ్చిపోయుంటే ఆ బీమా కాగితం ఎవరు నింపాలి? నేనేగా! ఈ వయసులో నాకా శిక్ష ఎందుకండీ?"

తిడుతూనే తన శాలువా తీసి ఆయన భుజాల మీద వేసింది. వకుయిగారు మెట్ల మీద నిలబడి ఉంది. తన డబ్బాలో వారం వారం పడ్డ కిరోసిన్ ఎక్కడిదో ఆవిడకు అప్పుడే అర్థమైంది. ఆయన్ని కిందికి తీసుకుపోయి, తన గదిలో మండుతున్న పొయ్యి పక్కన కూర్చోబెట్టి, "మింగండి, మాట్లాడకండి" అని వేడి చారు చేతికిచ్చింది.

నేను నీళ్ళు తుడుస్తూ ఉండిపోయాను. ఆ చలి నేను పెట్టిందే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

సాయంత్రం మా ఆయన వచ్చి వకుయిగారి గది పైకప్పు చూశాడు. తడి మరక చాపంత ఉంది. మా గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"ఇంకెందుకు పాకులాట. పన్నెండో తారీకున ఆ మరక చూసి వెళ్ళిపోతాడు."

"పైన కొత్త కాగితం అంటిస్తే కనపడదు," అన్నాను. అన్నది నేనే, అబద్ధమెందుకు చెప్పాలి.

తెరుయిగారు అప్పటికింకా మా ఇంట్లోనే ఉంది. ఊరగాయ ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"అంటించు. ఆ తర్వాత బీమాకి ఇంకో ఏజెంటుని వెతుక్కో. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఇంటి గురించి కంపెనీకి ఒక్క అబద్ధం రాయలేదు. అందుకే నా మాట మీద ఒక మనిషిని పంపిస్తున్నారు."

గొట్టం బాగుచేయించాం. మరక అలాగే ఉంచాం.

ఫిబ్రవరి పన్నెండున సప్పొరో నుంచి కంపెనీ పరిశీలకుడు మునకతాగారు వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు, జలుబు చేసిన ముక్కు. గుమ్మంలోనే తల కొట్టుకున్నాడు.

"ఆ తలకి బీమా ఉందో లేదో," అని గొణిగింది వకుయిగారు.

రెండు గంటలు చూశాడు. తీగలు, పొగగొట్టాలు, కప్పు దూలాలు. ప్రతిదానికీ కాగితం మీద ఏదో గీసుకున్నాడు. వకుయిగారి గదిలో పైకప్పు మరక కింద నిలబడి కలం తెరిచాడు. మేమంతా వరండాలో నిలబడ్డాం.

"కారణం?" అన్నాడు. "అద్దెకున్నవారి నిర్లక్ష్యం అని రాసుకోవచ్చా?"

"రాసుకోండి," అన్నారు ఒదాజిమాగారు వెంటనే. "నేనే. ఆరో నంబరు."

"కాదండీ," అన్నాను. లోపలికి పోయి, గొట్టం పగిలిన రాత్రే పీకి సొరుగులో పడేసిన అట్టముక్క తెచ్చి ఆయన చేతికిచ్చాను. "ఇది నేను రాసి తగిలించాను. ఇది చదివి ఈయన మూడు నెలలు పొయ్యి వెలిగించలేదు. నిర్లక్ష్యం కాదు, భయం. ఆ భయం పెట్టింది నేను. నా పేరు రాసుకోండి."

మునకతాగారు అట్ట చదివాడు. తర్వాత ఒదాజిమాగారి వైపు చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"మీ గదిలో పొయ్యి ఒకసారి వెలిగించి చూపిస్తారా?"

పైకి వెళ్ళాం. ఒదాజిమాగారి చెయ్యి నిజంగానే వణుకుతోంది. మా ఆయన ముందుకు కదలబోతే తెరుయిగారు కర్ర అడ్డం పెట్టింది. ముసలాయన పొయ్యి ముందు నిటారుగా నిలబడ్డారు. వణుకుతున్న ఆ చేతినే చాపి, వేలు చూపించి, రైలు ఇంజనులో నిలబడి అరిచినట్టు గట్టిగా అన్నారు.

"నూనె, సరి! వత్తి, సరి! పొగగొట్టం, సరి! తెర దూరం, సరి! ఇసుక బక్కెట్టు, సరి!"

ఒక్కో మాటకీ వేలు ఒక్కోచోట ఆగింది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, అగ్గిపుల్ల గీసి వత్తికి అందించారు. మంట చుట్టూ పాకి నీలంగా నిలబడింది. ఆయన పుల్ల ఆర్పి, ఇసుకలో గుచ్చి, "వెలిగింది, సరి!" అన్నారు. ఇరవై ఏడేళ్ళు పొట్ట నిండా నిప్పున్న ఇంజనును మేపిన మనిషి. ఆయనకా నేను నిప్పు గురించి జాగ్రత్త చెప్పింది!

మునకతాగారు కాగితం మీద ఒక గడి నింపాడు. ఏం రాశాడో నాకు కనపడలేదు.

"నిర్ణయం నాది కాదు, నివేదిక మాత్రమే నాది," అన్నాడు. "ఒకవేళ ఒప్పుకుంటే ఏడాదికోసారి చూసి పొడిగిస్తారు. గుమ్మం దగ్గర నిప్పుకి బాధ్యుల పేరు రాసిన పలక ఉండాలి. ఆ మనిషి రోజూ ప్రతి గదీ చూసి సంతకం పెట్టాలి. యజమాని పేరే రాయనా?"

ఆయన కోహెయి వైపు చూస్తూ కలం ఆపాడు. మా ఆయన ఒదాజిమాగారి వైపు చూశాడు. ఇల్లు పడగొట్టిద్దామన్న మనిషి ఆయనే.

"ఒదాజిమా అని రాయండి," అన్నాడు. "నాకంటే ఆయనకే నిప్పు గురించి బాగా తెలుసు."

ముసలాయన ఏదో అనబోయారు. వకుయిగారు ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఒప్పుకోండి తాతగారూ. మీరు పై గదిలో గడ్డకట్టి నా నెత్తిన కారడం కంటే అదే నయం."

మార్చి మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. మా ఆయన ఉద్యోగం నుంచి వచ్చే దాకా ఆగలేక నేనే చించాను. ఒక ఏడాదికి ఒప్పుకున్నారు. తెరుయిగారికి చెబుదామని కొండ దిగి పరుగెత్తాను. ఆవిడ దుకాణం వెనక కునుకు తీస్తోంది. లేపి చెబితే, "ఊఁ, వచ్చే ఏడు మళ్ళీ చూరు చూడాలి" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ నిమిషంలో ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. బూట్లు అడ్డమొచ్చాయి.

పలక రాయించి గుమ్మంలో తగిలించిన రోజు సాయంత్రం ఐదింటికి ఒదాజిమాగారు పని మొదలుపెట్టారు. పాత రైల్వే టోపీ పెట్టుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, ఎనిమిదో గది నుంచి కిందికి వచ్చారు. ప్రతి తలుపు దగ్గరా "సరి!" వినపడుతోంది. వకుయిగారి గది ముందు అది వినపడ్డాక నేను లేచి జుట్టు సర్దుకున్నాను. యజమానురాలిని కదా, ఒక టీ ఇచ్చి పంపిద్దామనుకున్నాను.

ఆయన మా వంటగది గుమ్మంలో నిలబడ్డారు. వేలు చాపారు. నూనె దగ్గర ఆగింది, సరి అన్నారు. వత్తి దగ్గర ఆగింది, సరి అన్నారు. తర్వాత ఆ వేలు మెల్లగా పైకి లేచి అక్కడే నిలిచిపోయింది.

నేనూ తలెత్తి చూశాను. మండుతున్న పొయ్యికి మూరెడు ఎత్తున తాడు కట్టి ఉంది. దాని మీద మా ఆయన రేవు చొక్కా, నాలుగు జతల మేజోళ్ళు, ఒక దుప్పటి కొస ఆరుతున్నాయి. ఆ తాడు నేను నవంబరులో కట్టాను. చలికాలమంతా రోజూ ఆరేశాను.

"అమ్మా," అన్నారు ఒదాజిమాగారు చాలా మెల్లగా, "ఇళ్ళు ఎక్కువగా తగలబడేది ఇలాగే."

సంతకం పెట్టలేదు. పుస్తకం తెరిచి పట్టుకుని, అక్కడే కదలకుండా నిలబడ్డారు. నేను స్టూలు ఎక్కి ఒక్కొక్కటే తీశాను. మేజోళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.